నీ కారులో ఎండుచేపలు

నువ్వు బతికున్నన్నాళ్లూ 'మీరు' అన్నాను. పోయి ఏడాదయింది కాబట్టి ఇక నువ్వనే రాస్తాను.

సముద్రం చూపించమని పెళ్లయిన నాటి నుంచీ అడిగాను. "గాడ ఏముంటది, నీళ్లే గద. కోమటి చెరువు కాడికి పోయి సూడు," అనేవాడివి. నీ కారెక్కాలంటే చెప్పులు విప్పి కవర్లో పెట్టుకోవాలి. చేపలు కొంటే ఆటోలో తెచ్చుకోవాలి, ఆ వాసనే నీకు పడదు.

మొన్న మన బిడ్డ ఆ కారు నడిపింది. ముందు సీట్లో నేను, చెప్పులతోనే. బాపట్ల దాటాక ఒక చిన్న పల్లెలో ఆగాం. అలల చప్పుడు తప్ప ఊళ్లో మరో అలికిడి లేదు. మోకాళ్ల దాకా నీళ్లలో నిలబడి, ఆ తడి చీరతో, ఇసుక కాళ్లతోనే మళ్లీ కారెక్కాను. డిక్కీ నిండా ఎండుచేపలు కొన్నాను. సిద్దిపేట చేరేసరికి సీట్లకు కూడా ఆ వాసన పట్టింది.

నిన్న నీ సంవత్సరీకం. పోయినవాళ్లకు ఇష్టమైంది వండి కాకికి పెట్టాలి కదా. నేను ఎండుచేపల పులుసు పెట్టాను. ఎంతసేపు చూసినా కాకి రాలేదు.

"అన్నకు కోపమొచ్చింది వదినె," అన్నాడు నీ తమ్ముడు.

"రానియ్యి," అన్నాను.

ఆ విస్తరి నా ముందుకు జరుపుకుని, అందరూ చూస్తుండగా నేనే తిన్నాను. ఉప్పు సరిగ్గా సరిపోయింది.