తిట్లు కూడా పంపమ్మా

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఇక్కడ నేను క్షేమం. చెవులు మాత్రం క్షేమం కాదు, అందుకే ఫోను మానేసి ఉత్తరం రాస్తున్నాను. మొన్న నువ్వు "పేజీ పెడదాం మామయ్యా" అని నాలుగుసార్లు అరిస్తే నాకు తప్ప వీధిలో అందరికీ వినబడింది.

సరే, పెట్టు. కంపెనీలకి సోషల్ మీడియా పేజీలు నడపడమే నీ ఉద్యోగం కాబట్టి మన గొడుగుల పనిశాల నీకో లెక్క కాదు. జనం అందులో రాసినవన్నీ వారం వారం కాగితం మీద అచ్చు తీసి పోస్టులో పంపు.

నేను ఒప్పుకున్నది అమ్మకాల కోసం కాదు, కత్తెర అని మేమంతా పిలిచే మనిషి కోసం. గొడుగు గుడ్డ కోసేవాడు, ఇరవై ఏళ్లు నా ఎదురుబల్ల దగ్గర నిలబడ్డాడు. అసలు పేరుతో పిలిస్తే వాడే వెనక్కి తిరిగేవాడు కాదు. పన్నెండేళ్ల కిందట ఒక విడత గొడుగులు కారుతున్నాయని దుకాణదారు వచ్చి గోల చేస్తే, పదిమంది ముందు "కోత తప్పు, వాడిదే తప్పు" అన్నాను. వాడు చేతిలో కత్తెర బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. తరవాత చూస్తే తప్పు గుడ్డది. ఆ నాసిరకం గుడ్డ తెచ్చింది నేను. మన్నించమని అడగడానికి నాకు మనసొప్పేసరికి ఆరు నెలలు పట్టింది. వెళ్లేసరికి ఇంటికి తాళం.

ఎక్కడున్నా సరే, గొడుగు ఫోటో కనబడితే వాడు చూడకుండా ఉండలేడు. వాడొక్కడు దొరికితే నాకు చాలు.

నీ మామయ్య

తా.క. పేజీలో నా ఫోటో పెట్టకు. వద్దామనుకున్నవాడు కూడా మనసు మార్చుకుంటాడు.

*

మామయ్యకి నమస్కారాలు.

పేజీ మొదలైంది. పదిరోజుల్లో రెండు వేలమంది చేరారు! జనాన్ని ఎప్పుడూ పలకరిస్తూ ఉండాలి, వాళ్లచేత మాట్లాడిస్తూ ఉండాలి. మా పనిలో కిటుకంతా అదే. "మీ మొదటి గొడుగు ఏ రంగు?" అని అడిగితే ఆరువందలమంది జవాబు రాశారు. అందులో మంచివి ముప్పై ఏరి పంపుతున్నాను. చదువుకుని హాయిగా ఉండు.

కత్తెరగారు ఇంకా కనబడలేదు. వస్తే వదలను.

నీ మేనకోడలు

తా.క. ఒకావిడ మన గొడుగులన్నిటినీ తెగ మెచ్చుకుంది. ఒక్కటీ కొనదట. వాళ్ల ఊళ్లో వాన పడదట.

*

చిరంజీవి మేనకోడలికి,

నీ కట్ట అందింది. ముప్పైమందికీ విడివిడిగా కార్డులు రాసి ఈ కవరులో పెట్టాను, ఎవరివి వాళ్లకి అందజెయ్యి. ఒకాయన "నీలం" అని ఒక్క మాట రాసి ఊరుకున్నాడు. ఆయనకేం రాయాలో తోచక ఒక పూటంతా కూర్చుని, "చాలా సంతోషం, ఇప్పుడేం రంగు?" అని రాశాను.

అది సరే గాని, అన్నీ పొగడ్తలే పంపావేమిటి? కత్తెర జన్మలో ఒకరిని పొగిడి ఎరగడు. నా పెళ్లికి వచ్చి, టెంటు గుడ్డ ఎడంవైపు జారిందని చెప్పి, భోంచేసి వెళ్లాడు. వాడంటూ వస్తే తిట్టుకుంటూనే వస్తాడు. తిట్లు కూడా పంపమ్మా.

నీ మామయ్య

తా.క. వాన పడని ఊరావిడకి ఎండ గురించి రాశాను. గొడుగు ఎండకి కూడా పనికొస్తుందని ఆవిడకి ఎవరూ చెప్పినట్టు లేదు.

*

మామయ్యకి నమస్కారాలు.

తిట్లు పంపను గాక పంపను. నీ రక్తపోటు సంగతి అత్తయ్య నాకు చెప్పింది. నువ్వేం కంగారు పడకు, వాటికి మా ఆఫీసులో ఒక ఏర్పాటుంది. ఎవరైనా తప్పు పడితే చాలు, తయారుగా ఉన్న జవాబు దానంతటదే వెళ్లిపోతుంది: "తప్పు నాదే. మీ మనసు నొప్పించాను, మన్నించండి. మీరు నాకు ముఖ్యం. ఇట్లు, మీ గొడుగులాయన." చదివినవాళ్లు నువ్వే రాశావనుకుంటారు. నీకు శ్రమ లేదు, నాకూ లేదు.

ఇంక అసలు వార్త. కత్తెరగారి కోసం పోటీ పెట్టాను! "గొడుగులాయన స్నేహితుడు కత్తెర ఎక్కడ? కనిపెట్టండి, గొడుగు గెలవండి." పేజీ ఒక్కసారిగా ఎనిమిది వేలు దాటింది. మేమే కత్తెర అంటూ పదహారుమంది వచ్చారు. ఒకడికి ఇరవై రెండేళ్లు. అంటే నీ దగ్గర చేరేనాటికి ఇంకా పుట్టలేదు. ఇంకొకావిడకి బ్యూటీ పార్లర్ ఉంది. మా మేనేజరు నన్ను పిలిచి మెచ్చుకున్నాడు మామయ్యా.

నీ మేనకోడలు

తా.క. నువ్వు నవ్వుకోవడానికి ఒక్క తిట్టు మాత్రం పంపుతున్నాను. పిల్లిబొమ్మ పెట్టుకున్న ఒక మనిషి ప్రతి ఫోటో కిందా తగులుకునేవాడు. నలభై మూడుసార్లు క్షమాపణ వెళ్లినా వదల్లేదు. "గుడ్డని కోసేముందు ఒక పూట పడుకోబెట్టారా?" అని అడుగుతాడు. జోల కూడా పాడాలేమో! నిన్న పోటీ చూసి, "మనిషిని పందెంలో పెడతావా, సిగ్గులేదూ" అని రాశాడు. ఇంక ఊరుకోలేక బ్లాక్ చేసేశాను. అంటే మన పేజీ గుమ్మం తొక్కలేడన్నమాట.

*

అమ్మాయ్,

వాడే కత్తెర.

కొత్త గుడ్డ చుట్టలో బిగిసి ఉంటుంది. విప్పిన వెంటనే కోస్తే ఊచల మీద ఎక్కించాక ముడుచుకుంటుంది. అందుకని వాడు గుడ్డని బల్ల మీద పరిచి ఒక పూట వదిలేసేవాడు. ఎవరైనా గట్టిగా మాట్లాడితే "గుడ్డని పడుకోబెట్టాను, మెల్లగా" అనేవాడు. ఆ మాట ఈ భూమ్మీద ఇంకొకడు అనగా నేను వినలేదు.

పదిమంది ముందు నేను వాడి పరువు తీశాను. ఎనిమిది వేలమంది ముందు నువ్వు వాణ్ణి, అదీ నా పేరు మీద, గెంటేశావు. నాకు తిండి సయించడం లేదు. నిన్ను తిట్టడం లేదు. కాదు, తిడుతున్నాను, కాని నీకంటే నన్నే ఎక్కువ తిట్టుకుంటున్నాను. ఎదురుగా వెళ్లి అనవలసిన మాట కోసం నిన్ను అడ్డం పెట్టుకున్నాను కదా.

ముందు ఆ గుమ్మం తెరువు.

మామయ్య

తా.క. పోటీ ఆపెయ్. గొడుగు ఆ బ్యూటీ పార్లర్ ఆవిడకి ఇచ్చెయ్. పదహారుమందిలో కత్తెర పట్టడం వచ్చింది ఆవిడకొక్కదానికే.

*

మామయ్యకి,

గుమ్మం తెరిచాను. ఆయనకి నేనే ఉత్తరం రాశాను, తయారు జవాబు కాదు. నాలుగుసార్లు కొట్టేసి ఐదోసారి పంపాను. రోజూ రెండువందలమందికి జవాబులు పంపేదాన్ని, ఒక్క మనిషికి నాలుగు వాక్యాలు రాయడానికి చెమటలు పట్టాయి.

రెండు రోజులకి జవాబు వచ్చింది. మీ ఊరి నించి రెండు బస్సులు మారితే వచ్చే ఊళ్లో, కర్టెన్లు కుట్టే దుకాణంలో పనిచేస్తున్నారట. ఆ ఖాతా ఆయన మనవరాలిది, పిల్లి కూడా ఆ పిల్లదే. దుకాణం గుర్తులు వెనక కాగితం మీద రాశాను. చివర "రమ్మను, ఫోటోలు తీసేవాళ్లు లేకుండా రమ్మను" అని ఉంది.

మామయ్యా, ఒక నిజం చెప్పాలి. ఆ నలభై మూడింటిలో నలభై రెండు నేను చదవనే లేదు. ఎన్ని వచ్చాయో లెక్క చూసి సంబరపడ్డాను, అంతే. మొదటిది చదివి నీకు పంపినా ఇంత జరిగేది కాదు. తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

నీ మేనకోడలు

తా.క. మీరిద్దరూ కలుసుకునేది వీడియో తీద్దామని మేనేజరు సరదాపడ్డాడు. కుదరదన్నాను. నా కుర్చీ కిటికీ పక్క నించి ప్రింటరు పక్కకి వచ్చింది.

*

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వెళ్లొచ్చాను. దారిపొడుగునా ఆ నాలుగు ముక్కలూ లోలోపల అప్పజెప్పుకుంటూనే ఉన్నాను. పక్క సీటాయన నేనేదో జపం చేస్తున్నాననుకుని కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు.

కత్తెర బల్ల మీద కర్టెను గుడ్డ పరిచి ఉంది. వాడు పక్కన ముక్కాలిపీట మీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు. జుట్టంతా తెల్లబడింది. నన్ను చూసి "మెల్లగా మాట్లాడు" అన్నాడు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

"ఒరేయ్, ఆ రోజు నేను..." అని మొదలుపెట్టాను. చెయ్యి అడ్డంగా ఊపాడు.

"చాల్లేరా. నలభై మూడుసార్లు అడిగావు. ఇంకెన్నిసార్లు?"

నేను ఇంకో పీట లాక్కుని కూర్చున్నాను.

"మొదటిసారి నా మనవరాలు చదివి వినిపిస్తే నమ్మలేదు. తప్పు నాదే అనే మనిషివా నువ్వు? మర్నాడు కావాలని ఇంకో తప్పు పట్టాను, మళ్లీ అడిగావు. తరవాత తరవాత తప్పు లేని కోతకి కూడా తప్పు పట్టాను. ఆ మాట రోజుకోసారి వింటే అన్నం సయించేది. ఏమాట కామాట చెప్పుకోవాలి, ఒక్కసారి కూడా విసుక్కోలేదు నువ్వు. మారావురా."

అది నేను కాదురా, మిషను అందామని నోరు తెరిచాను. వాడి మొహం చూశాను. మూసుకున్నాను.

ఇద్దరం టీ తాగాం. నా గొడుగు అడిగి తీసుకుని, విప్పి చూసి, గుడ్డ ఎవడు కోశాడని తిట్టాడు. ఆదివారాలు పనిశాలకి వస్తానన్నాడు. అన్నీ నేను కోరుకున్నట్టే జరిగాయి. కాని పన్నెండేళ్లు మోసిన మాట ఇంకా నా గొంతులోనే ఉంది. ఇప్పుడంటే వాడికది నలభై నాలుగోది. నాకు మొదటిదని వాడికి ఎప్పటికీ చెప్పలేను. నువ్వూ చెప్పకు.

నీ మామయ్య

తా.క. ఆ తయారు జవాబుని మీ ఆఫీసులో ఎవరో ఒకరు మొదటిసారి కూర్చుని రాసే ఉంటారు కదా. వాళ్లెవరో కనుక్కో. "తప్పు నాదే" అని అంత సుళువుగా ఎలా రాయగలిగారో అడిగి చెప్పు.