దారంతో కొలిచిన ఢిల్లీ

గుంటూరు, 1986 నవంబరు, గురువారం

అత్తయ్య ఒప్పుకున్నారు! ఢిల్లీలో ఉన్న మా ఆడపడుచుకి వచ్చే నెల కాన్పు. పుట్టింటికి ప్రయాణం వద్దని డాక్టరు చెప్పింది కాబట్టి తల్లే వెళ్ళాలి. కానీ దారిలో మడి కుదరదని అత్తయ్య పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. కిందటిసారి రైల్లో ఒకటిన్నర రోజు అలాగే కూర్చుని, దిగుతూనే కళ్ళు తిరిగి పడ్డారు. అందుకే ఈసారి విమానం అన్నారు మావారు.

"విమానమైతే ఎంతసేపే?" అని అత్తయ్య నన్నడిగారు. అట్లాసులో హైదరాబాదు నుంచి ఢిల్లీకి దారం పెట్టి కొలిచాను. సుమారు పన్నెండు వందల యాభై కిలోమీటర్లు, రెండు గంటలు అన్నాను. నమ్మలేదు.

"అయితే ఇక్కడే కూర్చుని చూస్తాను."

మూడింటికి పడక్కుర్చీ ఎక్కారు. మావారు ఉత్తరీయంతో నడుముకి బెల్టు కట్టారు.

"ఒరేయ్, ఊపిరాడనివ్వరా!"

నేను పక్కన కూర్చుని ఎండుమిరపకాయల తొడిమలు తీశాను. బుట్ట సగం కాకుండానే గడియారం ఐదు కొట్టింది.

"దిగమ్మా, ఢిల్లీ వచ్చింది" అన్నారు మావారు.

"అప్పుడేనా? దాహం కూడా వెయ్యలేదు. టిక్కెట్టు కొనరా!"

నాకే బెంగ మొదలైంది. హైదరాబాదు దాకా రాత్రంతా బస్సు ప్రయాణం ఉందిగా, దాన్ని నేను దారంలో కలపలేదు. పైగా విమానం ఆలస్యమైతే...

ఇందాక పడుకోబోతూ అత్తయ్యే పిలిచారు. "బస్సు సంగతి దాచావేమే? రాత్రిపూట నేనెలాగూ ఏమీ ముట్టనుగా! హాయిగా నిద్రపోతాను."

ఆలస్యం సంగతి మాత్రం నేను ఎత్తలేదు.