చేతులు కట్టుకున్న మామగారు

వార్మెనిల్,
గురువారం పొద్దున

ప్రియమైన అమ్మకు,

న్యాయశాస్త్రంలో రెండేళ్లు ముదిరిన నీ కొడుకు ఎవారిస్త్ టోపీ తీసి, తల వంచి చేసే నమస్కారాలు. ఇక్కడ మేమంతా కులాసా. పారిస్‌లో నువ్వూ, నెలలు నిండుతున్న ఒడీల్ అక్కా కులాసా అని తలుస్తాను. "మేమంతా" అన్న మాటలో చిన్న మెలిక ఉంది. దాన్ని తర్వాత విప్పుతాను.

ముందు నీ ప్రశ్నలు. నాన్న తింటున్నాడా? తింటున్నాడు, ప్రతి ముద్దకీ వంక పెడుతూ. దుప్పట్లు ఉతికించానా? ఉతికించాను. పందెం కార్లు లేపిన దుమ్ముకి మళ్లీ ఉతికించాలి. గ్రాండ్ ప్రి కార్ల పందెం రోజున బావ మన గుమ్మం ముందునుంచి వెళ్తుంటే నాన్న బయటికొచ్చి చూశాడా? అమ్మా, ఈ ఉత్తరమంతా ఆ ఒక్కదానికే జవాబు.

పెళ్లినాటి నుంచీ నాన్న మార్సో బావతో మాట కలపలేదు. తన కొలిమి అందుకోవాల్సిన శిష్యుడు, పైగా పిల్లనిచ్చిన అల్లుడు, మోటారు ఫ్యాక్టరీలో చేరి గుర్రాల నోటి దగ్గరి గడ్డి లాగేశాడని ఆయన కోపం. బిడ్డ పుట్టేలోపైనా ఈ మౌనం వదలాలని అక్క రోజూ ఏడుస్తోందని రాశావు. పందెం రోజున నాన్న కొలిమి తలుపేసుకుని లోపల కూర్చున్నాడు. తలుపు సందు మాత్రం మూయలేదు.

ఆఖరి చుట్టు వచ్చేసరికి మన ఫ్రెంచి కార్లలో మిగిలింది బావ తోలే నీలం కారొక్కటే. ముందు ఇటలీవాళ్ల ఎర్ర కారు దూసుకుపోయింది. వెనకే బావ చర్చి మలుపు తిరిగి, కుంటుకుంటూ వచ్చి, సరిగ్గా మన కొలిమి ముందే ఆగాడు. ముందు చక్రం మీద కుదుపులు ఆపే కమాను పట్టా విరిగింది. జన్మంతా బళ్ల కమాన్లు బాగుచేసిన మనిషి కంచెకి ఇవతలే ఉన్నాడు!

కానీ పందెం నియమం ఉంది కదా. తోలేవాడిదీ, పక్కన కూర్చునే మెకానిక్‌దీ తప్ప కారు మీద మూడో చెయ్యి పడకూడదు. బయటినుంచి మేకు కూడా అందకూడదు. పడితే గెలిచినా ఓడినట్టే. ఊరంతా కంచె వెంట చేతులు జేబుల్లో కుక్కుకుని నిలబడింది. రొట్టెలాయన భార్య మొగుడి మణికట్లు రెండూ గట్టిగా పట్టుకుంది. అప్పుడు కొలిమి తలుపు తెరిచి, సుత్తితో సహా నాన్న బయటికొచ్చాడు.

"సుత్తి కింద పెట్టండి, పెద్దాయనా," అన్నాడు చేతికి గుర్తు పట్టీ కట్టుకున్న పందెం అధికారి. "ఒక్క వేలు తగిలినా మీవాడి పేరు కొట్టేస్తాను."

"మావాడని నీకెవడు చెప్పాడు?" అన్నాడు నాన్న. కానీ సుత్తి దించి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

మీరు నా చదువు మీద పోసిన డబ్బు అప్పుడు తొలిసారి పనికొచ్చింది. నేను గంభీరంగా దగ్గి, "అయ్యా, నిషేధం చేతికా, నాలుకకి కూడానా?" అన్నాను.

అధికారి మీసం దువ్వుకున్నాడు. "నాలుక గురించి ఎవరూ ఏమీ అనలేదే!"

"నాన్నా, విన్నావా?"

ఇన్నేళ్ల తర్వాత ఏ మాటతో నోరు తెరుస్తాడోనని ఊరంతా కంచె మీదికి ఒరిగింది.

"ఒరేయ్ దద్దమ్మా! టైరు విప్పే కడ్డీ ఉందిగా, పట్టా కింద పెట్టి కట్టు!"

"కింద పెడితే నేలకి తగులుద్ది మామయ్యా! పైన కడతా!"

"పైన కడితే మొదటి గుంతలోనే ఎగిరొచ్చి మూతిపళ్లు రాలగొడుద్ది! ఫ్యాక్టరీలో ఇన్నాళ్లూ గాడిదల్ని కాశావా?"

"మీరు మాట్లాడకుండా ఉన్నన్నాళ్లూ ప్రాణం హాయిగా ఉంది!"

"నాకూ అంతే! ఇంకో కడ్డీ లేదూ?"

"ఉంది!"

"మరి ఒకటి పైనా ఒకటి కిందా పెట్టి, తోలుపట్టీతో బిగించి చావు!"

ఇద్దరూ అరుచుకుంటూ ఉండగానే మెకానిక్ లూబిన్ కారు కింద దూరి బిగించేశాడు. కారు కదిలింది. "కొండ దిగేటప్పుడు నెమ్మదిరా!" అని నాన్న కేకేశాడు. కారు కనుమరుగైపోయాక కూడా అదే కేక.

ఊళ్లో టెలిఫోనున్నది తపాలా ఆఫీసులోనే కాబట్టి అందరం దాని కిటికీ కింద చేరాం. టెలిఫోను దగ్గరి మదాం కెనెల్ ఒక్కో ముక్కా విసిరింది: "ఎర్ర కారు టైరు పేలింది! మార్చుకుని మళ్లీ బయల్దేరింది! ఇద్దరూ పక్కపక్కనే కొండెక్కుతున్నారు!" తర్వాత టెలిఫోనులో చడీచప్పుడూ లేదు. "ఆ డబ్బాని గట్టిగా ఒక్కటెయ్యవమ్మా!" అన్నాడు నాన్న. చివరికి ఆవిడ కళ్లొత్తుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. అందరి మొహాలూ వాడిపోయాయి.

"మనదే!" అందావిడ.

మన రోడ్ల మీద, మన కారు, మన బావ! పాదిరీగారు స్వయంగా గంట కొట్టి, కొట్టి, చెయ్యి పట్టేసిందని ఆపిల్ సారాతో మర్దనా చేయించుకున్నారు. సారాలో ఎక్కువ భాగం లోపలికే పోయింది.

అమ్మా, ఇక్కడినుంచి అక్కకి పైకి చదవకు. ముందు నువ్వొక్కదానివే చదువుకో.

"గెలిచాడు, క్షేమం" అని మీకు తంతి పంపాం. ఆ రెండో మాట నిజం కాదు. కొలిమి ముందునుంచి బయల్దేరే తొందరలో ఇంజను స్టార్టు చేసే పిడి బావే తిప్పాడు. అది వెనక్కి తన్ని ఎడమ మణికట్టు విరగ్గొట్టింది. ఆ చప్పుడు నేను విన్నాను. నాన్న ఒక కాలు కంచె దాటింది. బావ వద్దని తల ఊపాడు. నాన్న ఆ కాలు వెనక్కి తీసుకున్నాడు. అంత కష్టమైన పని ఆయన చెయ్యగా నేనెన్నడూ చూడలేదు. మిగతా దారంతా బావ ఒంటిచేత్తో తోలాడు. గేరు మార్చినప్పుడల్లా లూబిన్ ఒరిగి స్టీరింగ్ పట్టుకున్నాడు. ఎముక అతుకుతుందట. మళ్లీ పందెం తోలేంత పట్టు వస్తుందో రాదో డాక్టరు చెప్పలేనన్నాడు. అక్కకి చెప్పొద్దని నాన్నా బావా ఒక్కటై నా నోరు కట్టేశారు. నాకు మనసొప్పలేదు. ఎలా చెప్పాలో నువ్వే చూడు. నాకు నవ్విస్తూ చెప్పడం ఒక్కటే వచ్చు, ఈ కబురుకి అది చాలదు.

బావ ఇప్పుడు నీ మంచం మీదే ఉన్నాడు. నాన్న సూపులో రొట్టె నానబెట్టి చెంచాతో తినిపిస్తున్నాడు. "కుడిచెయ్యి బాగానే ఉంది మామయ్యా," అంటే, "నోర్మూసుకుని నోరు తెరువు," అంటున్నాడు.

నిన్న పారిస్ పత్రికవాడొకడు కొలిమి దగ్గరికొచ్చి, "గెలిచినాయనకి మీరేమవుతారు?" అని గట్టిగా అడిగాడు. నాన్న లాడం కొట్టడం ఆపి, ఇంటి కిటికీ వైపు చూశాడు.

"మెల్లగా మాట్లాడు. మా అల్లుడు ఇప్పుడే కన్నుమూశా— ఛ, కునుకులో పడ్డాడు," అన్నాడు. ఆ ఒక్క మాట తడబడినందుకు సాయంత్రందాకా చర్చిలో మోకాళ్ల మీద కూర్చున్నాడు.

ఇట్లు,
వాళ్లిద్దరి మధ్యా వంట చేస్తున్న
నీ చిన్నకొడుకు
ఎవారిస్త్