మోగని ఇల్లు

చింతామణి, మంగళవారం రాత్రి

పాప రిపోర్టు వచ్చింది. గుండె కణాల్లోంచి పొటాషియం బయటికి పోయే దారిని తయారుచేసే జీన్‌లో తప్పుందట. పోయిన నెల ఫోను మోగితే ఉలిక్కిపడి లేచి, అక్కడే పడిపోయింది అందుకేనట. మాత్ర ఒక్కరోజు కూడా మానకూడదు, నిద్రలో ఉన్నట్టుండి చప్పుడు కాకూడదు, అదిరిపడితే గుండె ఆగిపోవచ్చు అన్నారు డాక్టరు.

రాగానే కాలింగ్ బెల్ వైరు పీకేశాను. మా ఆయన కింద అంగడి షట్టరుకు నూనె పోశారు. అత్తమ్మ పూజగంట నాలుకకు గుడ్డ చుట్టింది. "దేవునికి గంట యినపడకపోతే ఏమమ్మా, ఆయప్పకు మన బాధ తెలిసే ఉంటాది" అనింది.

ఇప్పుడు ఇంట్లో ఏ చప్పుడూ లేదు. పాప ఊపిరి కూడా వినపడటం లేదు. ముక్కు దగ్గర వేలు పెట్టాను. గాలి తగిలిందో లేదో తెలియలేదు.

పేరుపెట్టి పిలవాలంటే భయంగా ఉంది.