ఫోర్కులు లేని వంటగది

సుజాతా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇవాళ పాప స్కూల్ ట్రిప్‌కి తోడుగా నేనూ వెళ్లాను. ఐదొందల ఏళ్ల కిందట ఇంగ్లండ్‌ను ఏలిన ట్యూడర్ రాజుల కాలంనాటి ఒక రైతు ఇల్లు చూపించారు. వంటగదిలో గైడ్ ఆవిడ, "అప్పట్లో ఇక్కడ ఫోర్కులు వాడేవాళ్లు కాదు. మాంసం కత్తితో కోసుకుని వేళ్లతోనే తినేవాళ్లు," అని చెప్పింది. పిల్లలంతా ముఖాలు చిట్లించారు. మన పాప మాత్రం చెయ్యెత్తి, "మై మమ్ డిడ్ దట్. షీ ఫెడ్ మీ టూ," అంది.

ఈ ఏడాదిలో అది నీ మాట ఎత్తడం ఇదే మొదటిసారి.

స్లౌ ఊళ్లో మన ఇంటికి చేరగానే పప్పన్నం కలిపి పాప నోట్లో పెట్టాను.

"టూ బిగ్, నాన్నా! అమ్మ చిన్న ముద్దలు పెట్టేది."

చిన్నవి చేశాను. "ఇంకా చిన్నవి," అంది.

రోజూ మీ ఇద్దరి ఎదురుగా కూర్చుని తిన్నవాణ్నే. నీ ముద్ద ఎంతుండేదో ఒక్కసారైనా చూడలేదు.