ఫోను పట్టుకున్న చెయ్యి

డాక్టరు గారికి,

వణుకుడు రోగానికి మీరు ఫోనులోనే చూసి మందులిస్తున్న దర్జీ భార్యను. మీకు నేనెప్పుడూ కనపడలేదు. ఆయన ఎదురుగా ఫోను పట్టుకుని నిలబడేదాన్ని నేనే.

ఏడాదిగా నెలనెలా ఆయన్ని వేళ్లు ఆడించమన్నారు, గదిలో నాలుగడుగులు నడవమన్నారు. ప్రతిసారీ నన్నే విసుక్కున్నారు. "ఫోను కదలకుండా పట్టుకోండమ్మా. ఆయన చెయ్యి వణుకుతోందో లేదో నాకెలా తెలుస్తుంది?" అన్నారు. రెండు చేతులతో పట్టుకున్నాను. మోచేతులు కుట్టుమిషను మీద ఆనించాను. అయినా బొమ్మ ఊగింది. "ఈ మాత్రం చేతకాదా నీకు?" అని మా ఆయన కూడా అన్నారు. తప్పు నాదేననుకున్నాను.

పోయిన నెల, రాసేటప్పుడు అక్షరాలు చిన్నవైపోతున్నాయా అని ఆయన్ని అడిగారు. ఆయనవి కావడం లేదు. ఈ ఉత్తరంలో మొదటి వరుస చూసి, ఈ వరుస చూడండి.

మీ మందులు బాగానే పనిచేశాయి. సూదిలో దారం ఇప్పుడు ఆయనే ఎక్కించుకుంటున్నారు. నాకు ఎక్కడం లేదు.

వచ్చే నెల ఫోను ఆయన పట్టుకుంటారు. బొమ్మ కదలదు. ఈసారి నన్ను చూడండి.

ఇట్లు,
ఫోనుకు ఇవతలి మనిషి