కూలర్ గాలి పడదని చెప్పు

చిరంజీవి తమ్ముడు గోపాల్‌ను ఆశీర్వదించి ఇచ్చోడ నుండి అన్న రాయునది. ఇంటిల్లిపాదీ క్షేమమని ఆనవాయితీ ప్రకారం నివేదిస్తున్నాను, ధ్రువీకరణ అడగవద్దు. ఫోన్ చేస్తే అవ్వ పక్కనే కూర్చుని వింటుంది గనుక, ఎడారి దేశంలోని మీ లేబర్ క్యాంపుకు తిరిగి వస్తున్న అజీముద్దీన్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

వచ్చే నెల తన నడిపి కొడుకువు నువ్వు సెలవు మీద వస్తున్నావని, కూలర్‌కు కొత్త గడ్డి వేయించాలని అవ్వ తీర్మానించింది. అవ్వ తీర్మానాలకు అప్పీలు లేదని నీకు తెలుసు.

"ఏండ్ల నుంచి ఎండల పనిచేసిన సాగర్‌కు ఎండదెబ్బ ఎట్ల తగిలిందే అన్నా?" అని అడిగావు. మన చిన్నోడు సాగర్ సంగతి ఆదిలాబాద్‌లో ఒక డాక్టరును అడిగాను. ఎండను ఓర్చుకోవడం శరీరం నేర్చుకుంటుందట. ఒకటి రెండు వారాలు పని కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతే చెమట త్వరగా, ఎక్కువగా పడుతుంది. దానితో పోయే ఉప్పు తగ్గుతుంది. గుండెకు భారం తగ్గుతుంది. కొన్ని వారాలు చల్లగా కూర్చుంటే నేర్చినదంతా మరిచిపోతుంది. శరీరానికి సర్వీసు సీనియారిటీ వర్తించదు.

మొన్న వాడు వచ్చిన సెలవు రెండు నెలలూ అవ్వ వాణ్ని గడప దాటనివ్వలేదు. "ఏడాదంత ఎండల మాడుతడు బిడ్డ. జర సల్లగ పండనియ్యుండ్రి" అంటూ పొద్దుమాపు కూలర్‌లో నీళ్లు పోసింది. "నన్ను ఫ్రిజ్‌ల పెట్టవ్వా, కరాబ్ గాకుంట ఉంట" అని వాడు నవ్వాడు. తిరిగి పోయిన మొదటిరోజే, పాత పనివాడు గదా అని పూర్తి పనికి ఎక్కించారు. సాయంత్రానికి పడిపోయాడు, మళ్లీ లేవలేదు.

సెలవు మీద వచ్చిన కొడుకును మన దిక్కు ఏ తల్లయినా ఇట్లాగే చూసుకుంటుంది. అయినా తెలిస్తే అవ్వ బతకదు. గుండెజబ్బని చెప్పి ఉంచాను. ఈ అబద్ధంలో ఇకనుండి నీకూ వాటా ఉంది.

కాబట్టి, వచ్చిన రోజే కూలర్ గాలికి జలుబు చేస్తుందని అవ్వతో నువ్వే చెప్పు. రోజూ నాతో చేనుకు రా. అటు పోయినాక మొదటి వారం సగం పనే అడుగు. ఫోర్‌మన్ తిడితే పడు. తిట్లు పడ్డవాడు ఇంటికి ఫోన్ చేయగలడు.

నిన్న కొత్త గడ్డి వచ్చింది. అవ్వ కూలర్ పెట్టించి, ఎదుట ఖాళీ మంచాన్ని చేత్తో తడిమింది. "సల్లగనే వస్తుందిరా పెద్దోడా. గోపిగానికి మంచిగుంటది" అన్నది.

అవునవ్వా అన్నాను. నీళ్లు నేనే పోశాను.

ఇట్లు,
నీ పెద్దన్న రాయమల్లు